డూలాని పెట్టుకోవాలా? పెట్టుకుంటే ఎవరిని? (శ్రీకాకుళం, తొలి కాన్పు)

నాగావళి_గట్టు
మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం. ఇది నా తొలి కాన్పు, ఇప్పుడు 29 వారాలు. మా ఆయన ఆర్మీలో ఉన్నారు, పోస్టింగ్ అస్సాం వైపు. సెలవుకి పెట్టుకున్నారు గానీ సరిగ్గా ఆ రోజుల్లో దొరుకుతుందో లేదో ఆయనకే తెలీదు. దొరికినా నొప్పులు మనం చెప్పిన రోజున రావు కదా.

అమ్మ ఉంది. కానీ అమ్మకి బీపీ. మా అప్ప (అక్క) పురుడప్పుడు లేబర్ రూమ్ బయట కళ్లు తిరిగి పడిపోతే అమ్మకే సెలైన్ పెట్టాల్సొచ్చింది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. నొప్పికి అప్ప అరుస్తుంటే లోపల ఎవరో గట్టిగా కసిరారు. ఏ ఆస్పత్రి అన్నది ఇక్కడ అనవసరం. ఆ గొంతు మాత్రం నా చెవుల్లోంచి పోలేదు. నాకు నొప్పి కంటే ఒంటరిగా ఉండటమంటేనే భయం.

బెంగళూరులో ఉన్న స్నేహితురాలు డూలాని పెట్టుకుంది. నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ పుట్టేదాకా పక్కనుంచి కదలని మనిషి అని చెప్పింది. విశాఖలో ఒకామెకి ఫోన్ చేశాను. ప్యాకేజీ 30 వేలు, రానూపోనూ కారు ఖర్చు వేరే అన్నారు. మాకు అది చిన్న డబ్బు కాదు. మా అత్తయ్య "పురుటికి కూడా మనిషిని డబ్బిచ్చి తెచ్చుకుంటారామ్మా?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక. నాకు జవాబు రాలేదు.

పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? నిజంగా ఉపయోగం ఉందా? మంచి మనిషి అని ఎలా తెలుస్తుంది?


చీపురుపల్లి_అమ్మ
మంగళవారం, రాత్రి 10:25

నేను పెట్టుకున్నాను చెల్లీ, రెండో కాన్పుకి. విశాఖలోనే డెలివరీ. కాబట్టి ఆవిడ అరగంటలో వచ్చేశారు. ఆ తేడా నువ్వు ముందే లెక్కలో పెట్టుకోవాలి.

ఆవిడ ఏం చేశారో చెప్తాను. నాకు నొప్పంతా నడుములోకి వచ్చింది. ముందుకి కాదు, వెనక, తోకెముక దగ్గర. నొప్పి వచ్చినప్పుడల్లా ఆవిడ నా వెనక మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులు నా తుంటి ఎముకలకి రెండు పక్కలా పెట్టి లోపలికి గట్టిగా నొక్కేవారు. నొప్పి దిగేదాకా వదిలేవారు కాదు. దిగాక నీళ్లు ఒక గుటక, తడి తువ్వాలుతో మెడ తుడవడం. మళ్లీ నొప్పి. మళ్లీ నొక్కడం. ఆరు గంటలు. మధ్యలో నర్సులు మారారు, డాక్టరుగారు వచ్చి చూసి వెళ్లారు, మా ఆయన టీకి వెళ్లొచ్చారు. ఆవిడ మాత్రం లేవలేదు. తెల్లారి చూస్తే ఆవిడ మణికట్లు వాచిపోయాయి.

మొదటి కాన్పుకి నా దగ్గర అందరూ ఉన్నారు. మా అమ్మ, ఇద్దరు పిన్నిలు, మేనత్త. అందరూ నాకంటే ఎక్కువ ఏడ్చారు. మీ అత్తగారికి చెప్పాల్సింది ఇదేననుకుంటాను. ఇంటి మనిషికి బదులుగా తెచ్చుకోవడం కాదు. ఆ గదిలో భయపడని మనిషి ఒకరుండాలి, అంతే.


స్టాఫ్‌నర్సు_విజయనగరం
మంగళవారం, రాత్రి 11:10

నైట్ డ్యూటీ లేని రోజు కాబట్టి వివరంగా రాస్తున్నాను. పదకొండేళ్లుగా లేబర్ రూమ్‌లో పనిచేస్తున్నాను. ఎక్కడో చెప్పను.

ముందు ఒక విషయం స్పష్టంగా తెలుసుకోండి. డూలా వైద్యం చేసే మనిషి కాదు. బీపీ చూడకూడదు, పీవీ (లోపల వేళ్లు పెట్టి చూసే పరీక్ష) చెయ్యకూడదు, బిడ్డ గుండె చప్పుడు విని ఇది బాగుంది, ఇది బాగోలేదు అని చెప్పకూడదు, మందులివ్వకూడదు, బిడ్డని బయటికి తియ్యకూడదు. అవి మా పనులు, డాక్టరుగారి పనులు. మిడ్‌వైఫ్ వేరు. ఆమె చదువుకుని రిజిస్టర్ అయిన మనిషి, కాన్పు చెయ్యగలదు. డూలాకి మన దేశంలో నర్సులకున్నట్టు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఏమీ లేదు. శిక్షణ ఇచ్చే సంస్థలున్నాయి, సర్టిఫికెట్లు ఇస్తాయి. కానీ ఎవరైనా రేపటి నుంచి నేను డూలానని బోర్డు పెట్టుకోవచ్చు. అందుకే ఎంచుకునే బాధ్యత మీమీదే ఎక్కువ పడుతుంది.

ఇక నా మనసులో మాట. మేం పక్కన కూర్చోవాలనే అనుకుంటాం. ఒక రాత్రి ఇద్దరం నర్సులం, ఆరుగురు తల్లులు. అరగంటకోసారి ప్రతి బిడ్డ గుండె చప్పుడు వినాలి, రాయాలి, మధ్యలో ఒకరికి కాన్పు అయిపోతుంటుంది. ఒక తల్లి చెయ్యి పట్టుకుని గంటసేపు కూర్చోవడం మా వల్ల కాదు. కసరడం తప్పే, దాన్ని సమర్థించను. కానీ పక్కన ధైర్యంగా ఒక మనిషున్న తల్లి దగ్గర ఆ కసురు రాదు. ఎన్నోసార్లు చూశాను.

కాబట్టి మీ మొదటి ప్రశ్న డూలాకి కాదు, మీ ఆస్పత్రికి. లేబర్ రూమ్‌లోకి ఎవర్ని రానిస్తారు, ఎంతమందిని, రాత్రి డ్యూటీ వాళ్లకీ అదే రూలా? ఓపీలో డాక్టరుగారు "రావచ్చమ్మా" అంటారు. అర్ధరాత్రి తలుపు దగ్గరున్న మనిషికి ఆ సంగతి తెలీదు. చీటీ మీద రాయించుకుని కేస్ షీట్‌కి పిన్ చేయించుకోండి.


కవిటి_కొబ్బరితోట
బుధవారం, ఉదయం 6:15

అమ్మా, నాకు 63 ఏళ్లు. మా మనవడు ఈ గ్రూపు చూపించాడు. మా అమ్మకి ఏడు కాన్పులూ ఇంట్లోనే. మంత్రసాని వచ్చేది. ఆవిడ పనితనం నేను తక్కువ చెయ్యను. వేన్నీళ్లు, నూనె, దూలానికి కట్టిన చీర, దాన్ని పట్టుకుని మా అమ్మ నిలబడి నొప్పులు తియ్యడం, అవన్నీ నా కళ్లతో చూశాను. "ఇంకొక్కటే తల్లీ, ఇంకొక్కటే" అని ఆవిడ అనే మాట ఇప్పటికీ గుర్తుంది.

కానీ ఏడుగురిలో బతికింది నలుగురం. మా పెద్దమ్మ రక్తం పోయి మంచం మీదే పోయింది. మంత్రసాని చెయ్యి పట్టుకునే ఉంది, ఏమీ చెయ్యలేకపోయింది. అందుకని ఆ రోజులే బాగుండేవని నా ముందు ఎవరన్నా అంటే నేనొప్పుకోను. మనిషి తోడు కావాలి, ఆస్పత్రీ కావాలి. రెంటిలో ఒకటి చాలదు. ఈ డూలా అన్నావిడ ఆస్పత్రిలోనే ఉంటానంటే పెట్టుకో. ఇంట్లో కనేద్దాం అంటే మాత్రం గుమ్మం ఎక్కనివ్వకు.


రాజాం_నాన్న
బుధవారం, ఉదయం 8:50

మగవాణ్ణి, రాయొచ్చో లేదో తెలీదు. మా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

మేం విశాఖ నుంచి డూలాని మాట్లాడుకున్నాం. మంచి మనిషే. నెల ముందు రెండుసార్లు ఇంటికొచ్చి మా ఇద్దరికీ అన్నీ చెప్పారు. డెలివరీ రోజున మాత్రం నా భార్యకి తెల్లవారుజామున మూడింటికి నొప్పులు మొదలై ఆరున్నరకి బిడ్డ పుట్టేసింది. ఆవిడ బయల్దేరేసరికి నాలుగు, వచ్చేసరికి ఏడు. దారిలో ఆవిడ ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నారు, నేను స్పీకర్ పెట్టి ఆవిడ చెప్పింది చేశాను. నిజానికి ఆ రోజు డూలా నేనే అయిపోయాను.

డబ్బు గురించి తర్వాత మాకూ ఆవిడకీ చిన్న మాట తేడా వచ్చింది. కాన్పుకి అందకపోతే ఎంత వెనక్కివ్వాలి అన్నది ముందు రాసుకోలేదు. ఆవిడ తప్పు అనను. రాసుకోకపోవడం మా ఇద్దరి తప్పూ. మీరు రాయించుకోండి. ఆవిడ అదే రోజు ఇంకో కాన్పులో ఉంటే ఎవర్ని పంపుతారో కూడా అడగండి. ఆ రెండో మనిషిని కూడా ఒకసారి చూసి మాట్లాడండి.


నాగావళి_గట్టు
బుధవారం, మధ్యాహ్నం 1:30

అందరికీ చాలా థాంక్స్. కవిటి మామ్మగారూ, మీ మాట అమ్మకి చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఆస్పత్రికి ఇందాకే వెళ్లొచ్చాను. ఒక్కరినే రానిస్తారట, అదీ ఆడమనిషినే. అంటే డూలా వస్తే అప్ప బయట, అప్ప వస్తే డూలా బయట. ఇప్పుడు ఇంకా టెన్షన్‌గా ఉంది.


బొబ్బిలి_వీణ
బుధవారం, సాయంత్రం 4:05

నాకు జరిగింది రాయాలా వద్దా అని నిన్నటి నుంచీ ఆలోచిస్తున్నాను.

డూలానని చెప్పుకున్న ఒకామె నాకు నార్మల్ డెలివరీ గ్యారంటీ అన్నారు. ఆ మాటకే పడిపోయాను. మా డాక్టరుగారు ఏది చెప్పినా "వాళ్లు కోసెయ్యడానికే చూస్తారు" అనేవారు. నొప్పులు మొదలయ్యాక ఆస్పత్రికి తొందరపడొద్దు, ఎంత లేటుగా వెళ్తే అంత మంచిది అన్నారు. ఉమ్మనీరు పోయింది. ఆకుపచ్చగా ఉందని ఫొటో పంపాను. "కొందరికి అలాగే ఉంటుంది, కంగారొద్దు" అన్నారు. మా ఆడపడుచు ఆ ఫొటో చూసి ఇంకేం అడక్కుండా 108కి ఫోన్ చేసింది. బిడ్డ లోపలే మలం పోసేశాడు. పుట్టాక తొమ్మిది రోజులు పిల్లల ఐసీయూలో ఉన్నాడు. ఇప్పుడు రెండేళ్లు, బాగున్నాడు, ఇంట్లో ఒక్క గిన్నె కూడా తిన్నగా ఉండనివ్వడు.

నా వల్లే అలా అయిందన్న బాధ నాకు చాలా కాలం పోలేదు. డూలాలందరూ అలాంటివాళ్లని అనను. కానీ గ్యారంటీ అన్న మాట ఎవరి నోట వచ్చినా అక్కడితో ఫోన్ పెట్టెయ్యండి.


స్టాఫ్‌నర్సు_విజయనగరం
బుధవారం, సాయంత్రం 5:20

వీణగారూ, అది మీ తప్పు కాదు. మీరు అడగాల్సిన మనిషిని అడిగారనుకున్నారు. ఆవిడ చెప్పకూడని జవాబు చెప్పారు.

అందరికీ చెప్తున్నాను. ఉమ్మనీరు పోయినా, అది పచ్చగానో గోధుమరంగులోనో ఉన్నా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా, తలనొప్పితో కళ్లు మసకబారినా, ఫిట్స్ వచ్చినా ఎవరికీ ఫొటోలు పంపొద్దు. సూటిగా ఆస్పత్రికి వెళ్లండి. ఆ సమయంలో మంచి డూలా చెప్పే మాట ఒక్కటే ఉంటుంది, "బయల్దేరండి, నేనూ వస్తున్నాను" అని. ఆముదం తాగించేవాళ్లు, నొప్పులు రావడానికి నాటు మందులిచ్చేవాళ్లు కూడా ఉన్నారు. దగ్గరికి రానివ్వొద్దు.


లెక్కల_టీచర్
బుధవారం, రాత్రి 8:45

నాకు అంకెలు చూస్తేనే ధైర్యం. నా కాన్పు ముందు ఈ విషయం మీద దొరికినవన్నీ చదివాను. నమ్మకంగా చెప్పగలిగినవి రాస్తాను.

డూలా అన్నది గ్రీకు మాట, సేవ చేసే స్త్రీ అని. 1970ల్లో డానా రాఫెల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త దీన్ని వాడుకలోకి తెచ్చారు. తర్వాత మధ్య అమెరికా దేశం గ్వాటెమాలాలో ఒక పెద్ద ప్రభుత్వ ఆస్పత్రిలో మార్షల్ క్లాస్, జాన్ కెన్నెల్ అనే పిల్లల డాక్టర్లు, వాళ్ల సహచరులు ఒక పరిశీలన చేసి 1980లో ప్రచురించారు. అక్కడ తల్లులు మామూలుగా ఒంటరిగా నొప్పులు పడేవారు. కొందరి పక్కన ఒక మామూలు స్త్రీని కూర్చోబెట్టారు. ఆమెకి ఏ శిక్షణా లేదు, తల్లికి ముందు పరిచయం కూడా లేదు. ఆస్పత్రిలో చేరినప్పటి నుంచి కాన్పు దాకా ఒంటరి తల్లులకి సగటున 19 గంటలు పడితే, తోడున్న తల్లులకి 9 గంటలు కూడా పట్టలేదు.

ఇది చాలా చిన్న పరిశీలన. అందరికీ సగం టైమే పడుతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. 2017లో కాక్రేన్ (వైద్య అధ్యయనాలని కలిపి బేరీజు వేసే సంస్థ) వాళ్లు 17 దేశాల్లో 15 వేలమందికి పైగా తల్లుల మీద జరిగిన 26 అధ్యయనాలని కలిపి చూశారు. పక్కనుంచి కదలని తోడున్నవాళ్లకి నార్మల్ అయ్యే అవకాశం పెరిగింది, సిజేరియన్లు తగ్గాయి, కాన్పు అనుభవం బాగోలేదని చెప్పినవాళ్లు తగ్గారు. టైము తగ్గింది గానీ సగటున ఓ నలభై నిమిషాలే. తోడుగా ఉన్నది డూలాలాంటి మనిషైతే సిజేరియన్లు ఇంకొంచెం ఎక్కువ తగ్గినట్టు కనిపించింది, అయితే ఆ ఆధారం అంత గట్టిది కాదని వాళ్లే రాశారు. హాని జరిగినట్టు మాత్రం ఎక్కడా కనిపించలేదు.

మన సంగతి కూడా చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రాలో 100 కాన్పుల్లో 42 సిజేరియన్లు. ప్రైవేటులో అయితే 63. దేశం మొత్తం మీద 21 చిల్లర. ఇన్ని అవసరమా అంటే నాకు అనుమానమే. కానీ నీ సిజేరియన్ అవసరమా కాదా అన్నది ఆ అంకె చెప్పదు. ఆ రోజు నిన్ను చూస్తున్న డాక్టరే చెప్పాలి. రెండూ కలిపెయ్యకు.

ఇంకొకటి. కేంద్ర ప్రభుత్వం 2016లోనే ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పుకి తోడు మనిషిని అనుమతించమంది. ఆడమనిషై ఉండాలి, తను కాన్పు చూసినదై ఉండాలి, అంటురోగాలు ఉండకూడదు, శుభ్రమైన బట్టలు వేసుకోవాలి, వైద్యానికి అడ్డురాకూడదు, పక్క బెడ్డు తల్లి జోలికి వెళ్లకూడదు. మరుగు ఉన్నచోట భర్తని కూడా రానివ్వచ్చు అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రతి తల్లికీ తను కోరుకున్న తోడు ఉండాలని రాసింది. అందుకే మీ ఆస్పత్రివాళ్లు ఒక్కరినైనా రానిస్తామనడం మంచి మొదలు.


పార్వతీపురం_కోడలు
గురువారం, ఉదయం 10:00

నాకు డేట్ మీకంటే నెల తర్వాత. 30 వేలంటే మా ఇంట్లో నాలుగు నెలల ఖర్చు. నాలాంటివాళ్లకి దారేంటి? మా ఆశా అక్క మంచిది, ఆస్పత్రి దాకా వస్తానంది. ఆమే డూలా అనుకోవచ్చా?


స్టాఫ్‌నర్సు_విజయనగరం
గురువారం, మధ్యాహ్నం 2:15

ఆశా వస్తానంటే వదులుకోకమ్మా. ఆస్పత్రిలో ఎవర్ని కలవాలో, ఏ కాగితం కావాలో ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలీదు. కానీ ఆమెకి ఊరంతా పనే. నీ పక్కన పన్నెండు గంటలు కూర్చోవడం కుదరకపోవచ్చు. నీ ఇంట్లో కంగారుపడని ఆడమనిషి ఎవరున్నారో చూడు. వయసు కాదు, బంధుత్వం కాదు, రక్తం చూసి కళ్లు తిరగని మనిషి. ఆమెకి నాలుగు పనులు నేర్పితే చాలు. నిన్ను నడిపించడం, పక్కకి తిప్పడం, నడుం నొక్కడం, నోట్లో నీళ్లు పొయ్యడం. గ్వాటెమాలా ఆవిడకి ఏ శిక్షణా లేదని టీచరుగారు రాశారు కదా.


చీపురుపల్లి_అమ్మ
గురువారం, రాత్రి 9:30

నాగావళి, నీకు ఇదే దారి అనిపిస్తోంది. డూలాని లేబర్ రూమ్‌లోకి తీసుకెళ్లలేనప్పుడు పూర్తి ప్యాకేజీ ఎందుకు? ఇంటికొచ్చి నీకూ మీ అప్పకీ నేర్పమను. ఆ రోజు ఫోన్‌లో అందుబాటులో ఉండమను. కొందరు ఒప్పుకుంటారు.

మాట్లాడేటప్పుడు ఆవిడ ఏం చెప్తున్నారన్నదానికంటే నిన్ను ఏం అడుగుతున్నారో చూడు. నేను ముగ్గురితో మాట్లాడాను. మొదటావిడ ప్యాకేజీల గురించి ఇరవై నిమిషాలు చెప్పారు. రెండో ఆవిడ తను చూసిన కాన్పులన్నీ చెప్పారు, ఎవరెవరికి ఏమైందో పేర్లతో సహా. రేపు నా సంగతి కూడా ఇలాగే ఇంకొకరికి చెప్తారు కదా అనిపించింది. మూడో ఆవిడ "నీకు బాగా జ్వరం వచ్చినప్పుడు పక్కన మనిషి ఉండాలా, ఒక్కదానివే పడుకోవాలా?" అని అడిగారు. ఆవిడనే పెట్టుకున్నాను.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడుగు. "నేను నొప్పి తట్టుకోలేక ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మందు) అడిగితే మీరేమంటారు? సిజేరియన్ అయితే మీరేం చేస్తారు?" అని. మొహం చిట్లిస్తే ఆ మనిషి నీకోసం రావట్లేదు, తన నమ్మకం కోసం వస్తోంది. మా ఆవిడ "ఇప్పించుకుందాం, అప్పుడూ నీ పక్కనే ఉంటాను" అన్నారు.


నాగావళి_గట్టు
తర్వాతి సోమవారం, రాత్రి 8:10

ఇద్దరితో మాట్లాడాను. విశాఖ ఆవిడ మంచివారే, కానీ పూర్తి ప్యాకేజీ తప్ప ఇవ్వరట. రెండో ఆవిడది విజయనగరం. ఫోన్ ఎత్తగానే ముందు మా డాక్టరు ఎవరు, స్కానింగ్‌లో మాయ ఎక్కడుంది, బీపీ షుగర్ ఉన్నాయా అని అడిగారు. తర్వాత, "నీకు అసలు దేనికి భయం?" అన్నారు. అప్ప సంగతంతా చెప్పాను. కాసేపు ఏం అనలేదు. తర్వాత "ఆ గది తలుపు దగ్గర నువ్వు విన్నది మీ అప్పకి ఎప్పుడైనా చెప్పావా?" అని అడిగారు. ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రాత్రే అప్పకి చెప్పాను. అప్ప ఏడ్చింది. "ఈసారి నేనుంటాను నీ దగ్గర" అంది. తనకి కాన్పు అనుభవం ఉంది, ఆస్పత్రి రూల్‌కీ సరిపోతుంది.

డూలాగారు రెండు ఆదివారాలు ఇంటికొస్తారు, 38వ వారం నుంచి ఫోన్‌లో ఉంటారు, పురుడయ్యాక ఒకసారి వచ్చి పాలు పట్టించడంలో సాయం చేస్తారు. 9 వేలు. ఏది ఎప్పుడు, ఏది కుదరకపోతే ఎంత తిరిగిస్తారు అన్నీ ఒక కాగితం మీద రాసిచ్చారు. రాజాం అన్నయ్యగారికి ఈ విషయంలో ప్రత్యేకంగా థాంక్స్.

మొదటి ఆదివారం నిన్ననే అయింది. అప్ప చేత నా తుంటి నొక్కించారు. అప్ప మెల్లగా నొక్కితే "నీ చెల్లి గాజుబొమ్మ కాదమ్మా, శనగపిండి కలుపుతున్నట్టు కాదు, తలుపు నెట్టినట్టు నెట్టు" అన్నారు. అత్తయ్య వచ్చి చూస్తూ నిలబడ్డారు. చివర్లో "నేనూ నేర్చుకోవచ్చా?" అన్నారు. డాక్టరుతో మాట్లాడటం కూడా నేర్పారు. ఏదైనా చెయ్యాలంటే గొడవపడకుండా మూడు మాటలు అడగమన్నారు. ఎందుకు? ఇంకో దారి ఉందా? ఇప్పుడే చెయ్యాలా, కాస్త ఆగొచ్చా? "ఆగే టైము లేదమ్మా అంటే, ఇక నాలుగో ప్రశ్న లేదు, సంతకం పెట్టెయ్యి" అన్నారు.


నాగావళి_గట్టు
పది వారాల తర్వాత, శుక్రవారం, మధ్యాహ్నం 3:20

నేను నాగావళి వాళ్ల అప్పని. ఫోను నా దగ్గరుంది, తను పడుకుంది. మీ అందరికీ చెప్పమంది.

పాప పుట్టింది. 2 కిలోల 900. ఇద్దరూ బాగున్నారు.

నిన్న పొద్దున్న అయిదింటికి నొప్పులు మొదలయ్యాయి. కాసేపు ఇంట్లోనే నడిపించాను, దొంగ నొప్పులేమోనని. తొమ్మిదింటికి ఆస్పత్రికి వెళ్లిపోయాం. చీటీ కేస్ షీట్‌కి ఉంది, ఎవరూ ఆపలేదు. సాయంత్రం దాకా గర్భసంచి ముఖద్వారం బాగానే ఓపెన్ అయింది, ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. డూలాగారికి ఫోన్ చేస్తే ఎడంపక్కకి తిప్పి కాళ్ల మధ్య తలగడ పెట్టమన్నారు, నర్సమ్మని అడిగి పెట్టాను. నా చేతులు ఇప్పటికీ పైకి లేవట్లేదు. ఏడున్నరకి బిడ్డ గుండె చప్పుడు తగ్గడం మొదలైంది. డాక్టరమ్మ వచ్చి ఆపరేషన్ అన్నారు. మా చెల్లి నొప్పిలోనే అడిగింది, "మేడమ్, ఇప్పుడే చెయ్యాలా, ఆగొచ్చా?" అని. డాక్టరమ్మ వంగి, తన మొహం చూసి, "ఆగకూడదమ్మా, పాప అలిసిపోతోంది" అన్నారు. సంతకం పెట్టేసింది. నా పురుడప్పుడు నా చేత కూడా ఎన్నో సంతకాలు పెట్టించారు. ఎందుకో ఒక్కరూ చెప్పలేదు.

థియేటర్ లోపలికి నన్ను రానివ్వలేదు. తలుపు దాకా చెయ్యి వదల్లేదు. ఆ తలుపు దగ్గర నాకు కొంచెం కష్టమైంది. పాపని ముందు నా చేతుల్లోనే పెట్టారు. చెల్లిని బయటికి తేగానే డూలాగారు చెప్పినట్టు పాప బుగ్గని తన బుగ్గకి ఆనించాను.


నాగావళి_గట్టు
ఆ తర్వాతి గురువారం, ఉదయం 11:00

ఇప్పుడు నేనే. కుట్లు లాగుతున్నాయి, కూర్చోవడం కష్టంగా ఉంది, కానీ పాలు వస్తున్నాయి. డూలాగారు మొన్న వచ్చి పాపని పక్కకి ఎలా పెట్టుకోవాలో చూపించారు, కుట్ల మీద బరువు పడకుండా. అత్తయ్య తెలగపిండి కూర, వెల్లుల్లి కారం పట్టుకొచ్చారు. సొరపిట్టు అమ్మ వాటా అట.

సిజేరియనే అయింది కదా, ఆ 9 వేలు దండగేనా అని ఒకరిద్దరు చుట్టాలు అడిగారు. కాదు. పద్నాలుగు గంటల్లో నేను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా లేను. నేను కొన్నది అదే.

పార్వతీపురం చెల్లీ, నీకు డేట్ దగ్గర పడింది కదా. మీ ఇంట్లో ఎవర్ని అనుకున్నావు?


పార్వతీపురం_కోడలు
గురువారం, మధ్యాహ్నం 12:40

మా ఆడపడుచుని అక్కా. తనకి ఇద్దరు పిల్లలు, గుండె ధైర్యం ఎక్కువ. ఆస్పత్రిలో ఒప్పుకున్నారు, చీటీ రాయించాం. కానీ నడుం నొక్కడం ఎవరూ చూపించలేదు. రాసింది చదివితే తెలియట్లేదు.


నాగావళి_గట్టు
గురువారం, మధ్యాహ్నం 1:05

అప్ప ఇక్కడే ఉంది. ఆదివారం సాయంత్రం వీడియో కాల్‌లో చూపిస్తానంటోంది. నీకు ఇక్కడే మెసేజ్ పెడతాను, మీ ఆడపడుచుని పక్కన కూర్చోబెట్టుకో.


పార్వతీపురం_కోడలు
గురువారం, మధ్యాహ్నం 1:12

తప్పకుండా అక్కా. మంచం మీద కూర్చోవాలా, కుర్చీ కావాలా?


నాగావళి_గట్టు
గురువారం, మధ్యాహ్నం 1:15

కుర్చీ. చేతులు లేనిది. వెనక్కి తిరిగి కూర్చుని, వీపు ఆనించే వైపు ఒక తలగడ పెట్టుకుని దాన్ని వాటేసుకోవాలి. తుంటి ఆమెకి అందాలి.